పెళ్లికూతురి తరఫు మనిషి

జలపాతం దగ్గర ఆగుదామని భర్త అన్నప్పుడు నర్సమ్మ అడ్డు చెప్పలేదు. గుహలు చూద్దామన్నప్పుడూ సరేనంది. అద్దాల వంతెన అనేసరికి మాత్రం ఒళ్లో ఉన్న చీర సంచిని దగ్గరికి లాక్కుని, "పెళ్లి రేపండీ" అంది.

"రేపు కదా, ఇవాళ కాదు కదా. ఇంత దూరం వచ్చి, అంత ఖర్చు పెట్టుకుని, కార్లో కూర్చుని రోడ్డు చూసుకుంటూ పోతామా?" అంటూ ఆయన మలుపు దగ్గర సిగ్నల్ లైటు వేయబోయి వైపర్లు వేశాడు. అద్దె కారు. స్టీరింగు ఎడమ పక్క, మిగతావన్నీ తారుమారు. ఎండ కాస్తున్న అద్దం మీద వైపర్లు కిర్రు కిర్రుమంటూ తిరిగాయి.

వెనక సీట్లోంచి చిట్టి పక్కున నవ్వింది. "అద్దం బాగానే తుడిచావు గానీ అన్నయ్యా, వెనక లారీవాడు తిడుతున్నాడు, అది చూసుకో."

"వాడు తిట్టేది మనకి అర్థం కాదులే" అన్నాడాయన. ముగ్గురూ నవ్వారు. ఆ ప్రయాణంలో ముగ్గురూ కలిసి నవ్వింది అదే ఆఖరు.

చిట్టి ఆయన చెల్లెలు. నలభై దగ్గర పడుతున్నా ఆ ఇంట్లో ఇంకా చిట్టే. భర్త పోయాక పెట్టె పట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే నర్సమ్మ అత్తగారు మంచం పట్టడంతో, ఆ మంచం పక్కనే ఆమెకీ ఒక చాప పడింది. ఈ ప్రయాణానికి చిట్టిని కూడా తీసుకురావాలని పట్టుబట్టింది నర్సమ్మే. అత్తగారి దగ్గర తన వార్డులోని కుర్ర నర్సుని పెట్టి మరీ బయల్దేరదీసింది. "మనం పెళ్లికి పోతుంటే అదెందుకు?" అని ఆయన రెండు మూడుసార్లు గొణిగాడు. ఆ గొణుగుడిని నర్సమ్మ అప్పట్లో పట్టించుకోలేదు.

పెళ్లి తుపానుది. నడకలో వేగం చూసి పేషెంట్లు పెట్టిన పేరు అది. రక్తం శుద్ధి చేసే మిషన్ల వార్డులో ఆమె, నర్సమ్మ జోడెద్దుల్లా పనిచేశారు. ఒకరు గొట్టాల్లో గాలి బుడగలు పోయేదాకా వేలితో తట్టుతుంటే, ఇంకొకరు పేషెంటు మోచేతి మీద అరచెయ్యి ఆనించి లోపల రక్తం జుమ్మంటోందో లేదో చూసేవాళ్లు. మాటలు అక్కర్లేదు, కనుసైగ చాలేది. తర్వాత తుపాను ఉద్యోగం వెతుక్కుంటూ ఈ దేశం వచ్చింది. ఇక్కడ పాల వ్యాను నడిపే ఒకాయన, భార్య పోయిన మనిషి, ఆమెకి తోడు దొరికాడు. యాభై దాటాక మొదటి పెళ్లి.

"సంతకాల పెళ్లే" అని తుపాను ఫోన్లో చెప్పింది. "ఆయన వైపు ఒక సాక్షి, నా వైపు ఒక సాక్షి కావాలట. మా అన్నదమ్ములు నా ఫోనే ఎత్తడం లేదు. నువ్వు రావే. నువ్వొస్తేనే నాకూ ఒక తరఫు అంటూ ఉన్నట్టు."

"ఏమైనా సరే వస్తా" అంది నర్సమ్మ.

అద్దాల వంతెన రెండు కొండల మధ్య వేలాడుతోంది. కాళ్ల కింద లోయ కనిపిస్తుంది. చెప్పుల మీద గుడ్డ తొడుగులు వేసుకుని నడవాలి. చిట్టి అప్పటికే ఒక కాలికి తొడుక్కుంది.

"నువ్వొద్దులే చిట్టీ. కళ్లు తిరుగుతాయి. ఇక్కడ బెంచీ మీద కూర్చో, సామాను చూసుకుంటూ" అన్నాడాయన.

"నాకెప్పుడు తిరిగాయి అన్నయ్యా?"

"తిరిగితే ఎవరు పట్టుకుంటారు? చెబితే వినాలి."

ఎంత మెత్తగా అన్నాడంటే, కాదనడానికి చోటే లేదు. చిట్టి కాలి తొడుగు తీసేసి, మడతపెట్టి, పెట్టెలో తిరిగి వేసింది. నర్సమ్మ వంతెన మధ్యదాకా వెళ్లి, ఫొటోకి నిలబడమంటే నిలబడి, వెనక్కి తిరిగి చూసింది. బ్యాగులు, నీళ్ల సీసాలు, స్వెట్టర్ల మధ్య చిట్టి కూర్చుని ఉంది. వచ్చేపోయేవాళ్లని చూస్తోంది. ఇంట్లో ఇలాంటివి రోజూ జరిగేవే. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పి, చిట్టి అందించిన కాఫీ తాగుతూ నర్సమ్మ వాటిని ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ తెలియని కొండల మధ్య, ఆ బెంచీ మీద, అది కంట్లో నలుసులా పడింది.

బయట కొట్లో చిట్టి ఎర్ర ఉన్ని టోపీ ఒకటి తల మీద పెట్టుకుని అద్దంలో చూసుకుంది. అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "అది నీకు నప్పదమ్మా" అని ఆయన బూడిద రంగుది తీసి కొనేశాడు. చిట్టి ఎర్రది తీసి దాని చోట పెట్టేసింది. బూడిద రంగు టోపీ పెట్టుకుని కారెక్కింది.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆయన ఫోను పట్టుకుని దూరంగా, టైర్లకి గాలి కొట్టే యంత్రం వెనక్కి వెళ్లి, వీపు ఇటు తిప్పి మాట్లాడాడు. ఈ దేశంలో పనిచేసేది ఆ ఒక్క ఫోనే.

"ఎవరండీ?"

"లాడ్జివాడు. గది సంగతి."

"తుపానుకి ఒకసారి కలపండి. రేపు పొద్దున్నే వచ్చేస్తామని చెబుతాను."

"సిగ్నల్ పోయింది" అని ఫోను జేబులో వేసుకున్నాడు.

లాడ్జిలో చీకటి పడకముందే చిట్టి ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చి, పెళ్లికూతురికి ఇవ్వాల్సిన ఆకుపచ్చ పట్టుచీర మంచం మీద పరిచింది. మీద తడిగుడ్డ వేసి, అంచు దగ్గర వేళ్లతో సాగదీస్తూ, జరీకి వేడి తగలకుండా నెమ్మదిగా రుద్దుతోంది.

"వదినా, ఆ ఆఫీసులో ఏం చేస్తారు?"

"ఏముంది, సంతకాలు పెడతారు."

"అంతేనా?"

"అంతే. కలం పట్టుకున్నంతసేపు."

చిట్టి గుడ్డ ఇంకో మడత మీదికి జరిపింది. "ఆ కాస్త పనికే మనుషులు ఎంత భయపడతారో" అంది. ఎవరిని అంటోందో నర్సమ్మ అడగలేదు. తుపాను అన్నదమ్ములని అనుకుంది.

మర్నాడు నర్సమ్మ తెల్లారగానే తయారైపోయింది. కొత్త చీర కట్టుకుని, తలలో పిన్నులు సరిచేసుకుని, సంతకానికి తన కలం బ్యాగులో ఉందో లేదో చూసుకుంది. ఆయన మాత్రం నింపాదిగా గడ్డం గీసుకున్నాడు, టిఫిను రెండోసారి పెట్టించుకున్నాడు, కారు టైర్లు ఒక్కొక్కటీ కాలితో తన్ని చూశాడు. ఎట్టకేలకి బయల్దేరారు. ఇక్కడి అక్షరాలు నర్సమ్మకి రావు గానీ, తుపాను ఊరి పేరు బోర్డుల మీద చూసి చూసి ఆ ఆకారం గుర్తుపెట్టుకుంది. చివర కొడవలి లాంటి వంకీ ఉంటుంది. నాలుగు రోడ్ల కూడలిలో ఆ వంకీ పక్కన బాణం ఎడమకి చూపిస్తోంది. ఆయన కుడికి తిప్పాడు.

"ఏవండీ, అటు!"

"ఇటు ఉప్పు గని ఉందట. ఇక్కడే. భూమి లోపల ఉప్పుతో చెక్కిన గదులు. చూసేసి పోదాం."

"పెళ్లి పదకొండింటికండీ!"

"ఆ, పోదాంలే."

నర్సమ్మ ఆయన చేతుల వైపు చూసింది. స్టీరింగుని రెండు చేతులా, కొత్తగా డ్రైవింగు నేర్చుకునేవాడిలా పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. జలపాతం దగ్గర ఎందుకు అంతసేపు కూర్చున్నారో, గుహల్లో అన్ని ఫొటోలు ఎందుకు తీశారో, ఒక్కసారిగా తెలిసొచ్చింది.

"మీరు కావాలనే చేస్తున్నారు" అంది.

ఆయన అద్దంలో వెనక్కి చూశాడు. చిట్టి కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. గొంతు తగ్గించాడు.

"చూడు, నీ స్నేహితురాలి మీద నాకేం కోపం లేదు. ఆవిడ ఇష్టం ఆవిడది. నా బాధ దీని గురించి. బావ పోయాక ఎన్నాళ్లు అన్నం ముట్టలేదో నీకు తెలుసు. ఇప్పుడిప్పుడే కుదురుకుంది. నవ్వుతోంది. అమ్మని చూసుకుంటోంది. ఇప్పుడు తీసుకెళ్లి ఆ పెళ్లి ముందు కూర్చోబెడితే? లేనిపోనివన్నీ రేపినట్టవదూ? అందుకే మొదటే చెప్పాను దీన్ని వద్దని. నువ్వు వింటేగా."

"నేను మాటిచ్చానండీ. ఆమెకి నా అనేవాళ్లు ఎవరూ లేరు."

"సంతకం ఎవరైనా పెడతారు. ఆవిడ సర్దుకుంటుందిలే."

అంత ధీమాగా ఎలా చెబుతున్నాడో నర్సమ్మకి అర్థం కాలేదు. ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు. వార్డులో నేర్చుకున్న విద్య అది.

గని దగ్గర బస్సులు, కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన కారు ఆపి, "టిక్కెట్లు తెస్తాను, దిగి ఉండండి" అని వెళ్లిపోయాడు. తలుపు పడగానే వెనకనుంచి చిట్టి గొంతు వినిపించింది.

"వదినా, చీర సంచి తీసుకో."

"నువ్వు నిద్రపోలేదా?"

"అన్నయ్య డ్రైవింగులో నిద్ర ఎవరికి పడుతుంది?" చిట్టి అప్పటికే దిగింది. టోపీ తీసి సీటు మీద పెట్టింది. బస్సుల వైపు నడిచి, ఒక డ్రైవరు దగ్గర ఆగి, వేలితో దుమ్ము పట్టిన అద్దం మీద కొడవలి వంకీ గీసింది. చేత్తో దూరం చూపించింది. అతను తలూపి, రెండు బస్సుల అవతల ఉన్న నీలం బస్సుని చూపించాడు. చిట్టి వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపింది.

నర్సమ్మ క్యూ వైపు చూసింది. ఆయన ఎండలో నిలబడి ఉన్నాడు. మెడ వెనక చెమట రుమాలుతో తుడుచుకుంటున్నాడు. నడినెత్తిన జుట్టు పలచబడిన చోట ఎర్రగా కమిలింది. జాలేసింది. పాతికేళ్లుగా అన్నం పెట్టిన మనిషి. ఒక్క క్షణం కాళ్లు అటే పోబోయాయి.

"వదినా!"

బస్సెక్కింది.

బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. మబ్బు పట్టి వాన మొదలైంది. పొలాలు, గోదాములు, పొగ గొట్టాలు, మళ్లీ పొలాలు. బస్సు ఆగినప్పుడల్లా నర్సమ్మ బ్యాగులోని కలాన్ని బయట నుంచే తడిమి చూసుకుంది. చిట్టి ఒక్కసారే మాట్లాడింది, "అందుకోలేమేమో వదినా" అని. అప్పటికే మధ్యాహ్నం దాటిపోయింది.

రిజిస్ట్రారాఫీసు మెట్లు తడిగా ఉన్నాయి. హాల్లో వరసగా ఖాళీ కుర్చీలు, బల్ల మీద వాడని గాజు గ్లాసులు. ఒక పనమ్మాయి నేల తుడుస్తోంది. వీళ్ల చీరలు చూడగానే ఆమె ముఖం విప్పారింది. తుడుపు కర్ర గోడకి ఆనించి, గాలిలో సంతకం పెడుతున్నట్టు వేళ్లు ఆడించి, తన గుండె మీద చూపుడువేలు పెట్టుకుని నవ్వింది. నేనే పెట్టాను, అన్నట్టు. మంచి పని చేశానన్న సంతోషం ఆ నవ్వులో.

నర్సమ్మ కుర్చీలో కూలబడింది.

తుపాను ఇల్లు లాండ్రీ షాపు పైన ఉంది. మెట్ల మీద సబ్బు ఆవిరి వాసన. తలుపు తీసింది తుపానే. జుట్టు సగం నెరిసింది, మనిషి చిక్కింది. నర్సమ్మని చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టింది. ఇంకో చెయ్యి దానంతట అదే మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది.

"ఒంట్లో ఎలా ఉందే? ఈ వానలో ఎందుకు వచ్చావు? జ్వరం తగ్గిందా?"

"జ్వరమా?"

"నిన్న మీ ఆయన ఫోన్ చేశాడుగా. నువ్వు లేవలేకపోతున్నావని, ఇంకెవరినైనా చూసుకోమని."

గాలి యంత్రం వెనక తిరిగి ఉన్న ఆ వీపు నర్సమ్మ కళ్ల ముందు కదిలింది. "ఆ... తగ్గింది" అనేసింది. భర్త పరువు కాయడం ఆమెకి అంత అలవాటైన పని.

"వదినకి జ్వరం రాలేదక్కా" అంది వెనకనుంచి చిట్టి. "అన్నయ్య అబద్ధం చెప్పాడు."

తుపాను చెయ్యి నాడి మీదనుంచి జారింది. కోప్పడలేదు. లోపలికి రమ్మంది, తువ్వాళ్లు ఇచ్చింది. లోపల నలుగురైదుగురు ఉన్నారు. పాల వ్యాను ఆయన లేచి నిలబడి, తెలియని భాషలో ఏదో ఆదరంగా అన్నాడు.

నర్సమ్మ చీర సంచి అందిస్తే, తుపాను అంచు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఎవరే ఇంత బాగా ఇస్త్రీ చేసింది?" అంది. తర్వాత వంటగదిలో, గిన్నె కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నేను నమ్మలేదే. జ్వరమొస్తే మాత్ర మింగి డ్యూటీకి వచ్చేదానివి నువ్వు. ఆఖరిదాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఇంకో జంట ఉందని ఆఫీసరు తొందరపెట్టాడు. ఎవరూ లేరా అన్నాడు. అక్కడ నేల తుడిచే పిల్ల, చేతుల నిండా సబ్బు నురగ. పాపం, తుడుపు కర్ర పక్కన పెట్టి, పావడాకి తుడుచుకుని వచ్చి పెట్టింది." గిన్నె బోర్లించింది. "పోనీలే. పెళ్లైతే అయింది."

తిట్టి ఉంటే బాగుండేది. తుపాను తిట్లు నర్సమ్మకి కొత్త కాదు. ఈ నెమ్మది కొత్తది. ఇక మీదట తమ మధ్య ఇదే ఉంటుందని, తుపాను ఫోన్లు వస్తాయి గానీ పొట్టివిగా వస్తాయని, ఆ బోర్లించిన గిన్నె చూస్తూ నర్సమ్మకి అర్థమైంది.

సాయంత్రానికి ఆయన వచ్చాడు. తడిసిపోయి, అడ్రసు అడుక్కుంటూ, గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. తుపాను ఒక్క మాట అనకుండా పళ్లెంలో అన్నం పెట్టి ఇచ్చింది. గోడవార కుర్చీలో కూర్చుని, పళ్లెం మోకాళ్ల మీద పెట్టుకుని, తల దించుకుని తిన్నాడు.

నర్సమ్మ బాల్కనీలోకి వెళ్లింది. కింద లాండ్రీవాళ్లు దుప్పట్లని ఇద్దరేసి పట్టుకుని దులిపి మడత పెడుతున్నారు. ఆయన్ని ఏమేం అడగాలో వరసగా పేర్చుకుంటోంది. ఇన్నేళ్లూ మింగినవన్నీ కలిపి అడగాలి. నా స్నేహితురాలికి నన్ను కాకుండా చేశారు కదా అని అడగాలి. అంత కోపంలో ఉండగా చిట్టి వచ్చి పక్కన నిలబడింది.

"వదినా, నీకొకటి చెప్పాలి. ఇంటికెళ్లాక నేను వేరే ఉంటాను."

"వేరేనా?"

"కళ్లజోళ్ల షాపులో పని అడిగాను. వచ్చే నెల నుంచి రమ్మన్నారు. బస్టాండు వెనక గదులున్నాయట. తుపానక్కతో ఫోన్లో ఎప్పటినుంచో అంటున్నాను, ధైర్యం చాలక ఆగాను. ఇవాళ బస్సు ఎక్కాక అనిపించింది, ఏముంది, ఎక్కడమే కదా అని."

పెళ్లి మాట లేదు. ఆయన అంతగా భయపడ్డ ఆశ ఇంతే: ఒక షాపు, ఒక గది.

"మరి అత్తయ్యని ఎవరు చూసుకుంటారే?" అంది నర్సమ్మ.

అన్నాక గానీ ఆ మాట తనదని తెలియలేదు. నోట్లోంచి దానంతట అదే, కాఫీ ఏదని అడిగినంత తేలిగ్గా వచ్చేసింది. చిట్టి ముఖంలో ఏమీ మారలేదు. ఎవరో ఒకరు అంటారని ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టు, చిన్నగా తలూపింది. "అందరూ అడిగేది అదే కదా వదినా" అంది. విసురు లేదు. తుపాను గొంతులో ఉన్న నెమ్మదే.

నర్సమ్మ బాల్కనీ కమ్మీ పట్టుకుంది. ఆయన్ని అడగాలని పేర్చుకున్నవన్నీ ఎటో పోయాయి. ఇన్నేళ్లూ ఇంటికి వెళ్లేసరికి వేడిగా ఉన్న అన్నం, పొడిగా ఉన్న అత్తగారి పక్క, నైట్ డ్యూటీ అంటే ఆలోచించకుండా వేసుకున్న చెప్పులు. చిట్టి ఉందన్న ధైర్యం. ఆయనైనా చెల్లెల్ని ప్రేమ కొద్దీ కట్టేశాననుకుంటున్నాడు. తను ఏమీ అనుకోలేదు. అనుకోవలసిన అవసరమే రాలేదు.

"పోదామా?" ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎవరి కళ్లలోకీ చూడకుండా. "వాన తగ్గింది. లాడ్జి చూసుకోవాలి. చిట్టీ, సామాను సర్దుకో అమ్మా."

చిట్టి కదల్లేదు. వదిన వైపు కూడా చూడలేదు. కింద మడత పెడుతున్న దుప్పట్లని చూస్తోంది.

"ఇంటికెళ్లాక చిట్టి వేరే ఉంటుందండీ" అంది నర్సమ్మ. "షాపులో పని దొరికింది. నేను వెంట వెళ్లి గది చూసిపెడతాను."

ఆయన మొదట భార్యని, తర్వాత చెల్లెల్ని చూశాడు. మధ్యాహ్నం నుంచీ తిట్లకి సిద్ధపడి వచ్చిన మనిషి. ఇది వస్తుందని అనుకోలేదు. చివరికి అన్నాడు:

"మరి అమ్మని ఎవరు చూసుకుంటారు?"

తన మాటే. అచ్చం తను అన్న తీరులోనే. బయటినుంచి వింటే ఎలా ఉంటుందో నర్సమ్మకి అప్పుడు వినిపించింది.

"మీరూ, నేనూ" అంది. "ఇంకెవరున్నారు?"